బాపు బిగించిన గొట్టం

నిన్న మా పాత వాక్యూమ్ క్లీనర్ విప్పి, మోటారు బేరింగులకు నూనె చుక్కలు వేశాను. ఆ వాసనకు గోదావరిఖనిలో మేమున్న క్వార్టరు గుర్తొచ్చింది.

ఈ క్లీనర్‌ను మా బాపు వేలంలో తెచ్చాడు. బాయి అని మేం పిలిచే బొగ్గు గనిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర ఆయన డ్యూటీ. మంచిర్యాల పెద్దమ్మకు మా ఇంటి బొగ్గు దుమ్మంటే ఏవగింపు. కొంగు పరచుకుని కూర్చునేది, మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఈసారి వచ్చినప్పుడు ఆమె చేత చాయ్ తాగించాలని అమ్మ పంతం. గోడలకు సున్నం కూడా వేసింది.

బాపు మోటారు తుప్పు గీకి, నూనె వేసి, అది సాఫీగా తిరిగేదాకా వదల్లేదు. తర్వాత గొట్టం బిగించి, మంచం కిందికి పెట్టి మీట నొక్కాడు. అక్కడున్న దుమ్మంతా లేచి అమ్మ మొహాన్నీ కొత్త సున్నాన్నీ కప్పేసింది.

"ఏందయ్యా, గుంజుతదంటివి, ఊదవట్టె!"

"ఫ్యానంటే ఊదుడే గదనే!" అన్నాడు బాపు.

నాకూ అదే తెలుసు. మిషన్ బాగైందని చప్పట్లు కొట్టాను.

అప్పుడే పెద్దమ్మ వచ్చింది. "ఏందే చెల్లె, నువ్వు గూడ బాయిల దిగినవా?" అని పడీపడీ నవ్వి, కొంగు నడుముకు చెక్కి చీపురందుకుంది. ఊడ్చేసరికి ఆమె కూడా నల్లబడింది.

"గొంతుల దుమ్ము వడ్డది, జల్ది ఇంత చాయ్ పొయ్యి" అంది.

బాపు గొట్టాన్ని ఊదే వైపు కాక గుంజే వైపు బిగించి ఉంటే, ఆ శుభ్రమైన గదిలో పెద్దమ్మ మళ్లీ కొంగు పరచుకునే కూర్చునేదేమో.