అత్తమ్మ గీకనివ్వని గడప

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, మా గడప సంగతి చెబుతాను. తల్లాడలో మా పాత పెంకుటిల్లు కూలేలా ఉంటే, సిమెంటు జోలికి పోకుండా మట్టి, సున్నంతో గోడలు బాగుచేసుకున్నాం. తలుపులకు, దూలాలకు దమ్మపేట దగ్గర పడిపోయిన మా అత్తమ్మ ఇంటి టేకు కర్ర తెచ్చుకోవాలనుకున్నాం.

మా ఆయన ఊరుకుంటేనా! పాత కర్ర అని నలుగురూ నవ్వుతారని అక్కడే చిత్రిక పట్టించి నూనె రాయించాడు. అత్తమ్మ గడపను మాత్రం ముట్టనివ్వలేదు.

"నేను కాపురానికొచ్చిన నాటి పసుపురా గది. గీకితే ఊకోను."

"కొత్తగ మెరిసే కర్రల నడుమ గీ మురికేందే అమ్మా?" అని విసుక్కున్నాడు ఆయన.

కర్రంతా ట్రాలీలో వేసుకొని వస్తుంటే, దారిలో చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు సారు ఆపాడు.

"ఏ అడవిల కొట్టిన్రు?"

"పాత కర్ర సార్, మా ఇంటిదే," అన్నాడు మా ఆయన.

"పాతది గిట్ల మెరుస్తదా? మొత్తం దింపు!"

వానలు నెత్తిమీదున్నాయి. కర్ర పోతే మాది తలుపుల్లేని ఇల్లే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పటిదాకా ట్రాలీలో గడప మీదే కూర్చున్న అత్తమ్మ లేచి, కొంగుతో దాని దుమ్ము తుడిచింది.

"సారూ, ఏ అడవిల చెట్టు పసుపు రాసుకొని మొలుస్తది?"

ఆ సారు గోటితో గీకాడు. పసుపు కింద కుంకుమ, దానికింద మళ్లీ పసుపు. మెరుస్తున్న ద్వారబంధం కర్రను ఆ గడపకు తొలిచిన గాడిలో పెట్టించి చూస్తే సరిగ్గా దిగింది; రెండూ ఒకే పాత ఇంటివని తేలిపోయింది. నవ్వాపుకుంటూ, "పో అవ్వా, పో" అన్నాడు.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా మా ఆయన ముందుగా చూపించేది ఆ మురికి గడపనే.

మీ గడప పసుపు ఏనాడూ వెలిసిపోకుండా, మీ ఇల్లు చల్లగా ఉండాలి.