డ్రిల్లు మాస్టారి చెవులు

చోడవరంలో గణపతిరావుగారంటే తెలియనివాళ్ళు ఉండొచ్చుగానీ, డ్రిల్లు మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పైరెండేళ్ళు హైస్కూలు పిల్లల్ని ఎండలో నిలబెట్టి, ఆఖరి వరసలో ఎవడు గొణిగాడో వెనక్కి తిరక్కుండానే పేరుపెట్టి పిలిచిన మనిషి. "మేస్టారికి ఈపున కూడా సెవులున్నాయిరా" అని పిల్లలు చెప్పుకునేవారు. ఆ మాటా ఆయన చెవిన పడింది, లోలోపల మురిసిపోయాడు కూడా.

ఆ చెవులే అరవై ఆరో ఏట మొరాయించాయి. ముందు కుడిది, ఏడాది తిరక్కుండా ఎడమది. భార్య దేముడమ్మ పోరగా పోరగా అనకాపల్లి వెళ్ళి చెవి మిషను తెచ్చుకున్నాడు. తెచ్చి బీరువాలో పెట్టాడు. పెట్టుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గు ఊరికే రాలేదు. ఒకప్పుడు స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు అనంతపద్మనాభంగారికి వినికిడి తగ్గితే, గొంతు రాకుండా పెదాలు మాత్రం కదిపి ఆయన్ని కంగారుపెట్టి, అందర్నీ పడీపడీ నవ్వించింది మన గణపతిరావే. ఇప్పుడు తనముందు ఎవరు పెదాలు కదుపుతారోనని భయం. అందుకని ఎవరేమన్నా "ఆఁ ఆఁ, అదే కదా" అనడం అలవాటు చేసుకున్నాడు. డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా దాంతోనే నెట్టుకొచ్చాడు.

వాళ్ళ వీధి చివర గెడ్డ ఉంది. మామూలు రోజుల్లో పిల్లలు దాటేసే పిల్లకాలువ. తుపాను పట్టిందంటే మాత్రం ఎగదన్ని ఇళ్ళలోకి వచ్చేస్తుంది. నిరుడు అలా వచ్చినప్పుడు మంచం దిగలేని ముసలివాళ్ళు నానా అగచాట్లూ పడ్డారు. దాంతో ఈ ఏడు సచివాలయంలో పనిచేసే రేవతి వీధిలో పెద్దవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ముందే ఒక ఏర్పాటు చేసుకుందామంది. రేవతి మాస్టారి దగ్గర కబడ్డీ ఆడిన పిల్ల.

ఆ ఏర్పాటుకి మాస్టారే పెద్ద. పదకొండు ఇళ్ళు, పద్నాలుగు మంది ముసలివాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక సంచి. అందులో వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు, ఆధార్ జెరాక్సు, టార్చిలైటు, పాలిథిన్ కవరులో పొడిబట్టలు. ఎవర్ని ఎవరు పట్టుకోవాలో, ఎవర్ని మంచంతో ఎత్తాలో అన్నీ రాసి పెట్టాడు. కాళ్ళు పడిపోయిన సన్యాసమ్మది వీధిలో అన్నిటికన్నా పల్లపు ఇల్లు. ఆవిడ కొడుకూ, ఆటో నడిపే బాబీ కలిసి ఆవిణ్ణి మెరక మీదున్న స్కూలుకి చేర్చాలి. రిహార్సల్ కూడా చేయించాడు. "లైన్లో నడవండి, లైన్లో!" అని ఆయన అరుస్తుంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా నవ్వలేక చచ్చారు.

"మరి గెడ్డ పొంగే కబురు ఎవరికి సెప్పమంటారు మేస్టారూ?" అని రేవతి అడిగింది.

"నాకు ఫోన్ సెయ్యమ్మా. మిగతాది నేను సూసుకుంటాను" అన్నాడు.

దేముడమ్మ గుమ్మంలోంచి ఆయన వంక చూసింది. ఆయన ఆవిడ వంక చూడలేదు.

అక్టోబరులో తుపాను పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి, రేకుల మీద వాన హోరుమంటుండగా ఫోన్ మోగింది. రేవతే. ఏదో చెప్పింది. ఆయనకి "డింటికల్లా నీరొచ్చెస్తదంట" అన్న తోకే వినబడింది. ముందున్నది మూడో, ఏడో తేలలేదు. రేవతి ఇంకోసారి కూడా అంది. వాన ఇంకా పెద్దదైంది. నిరుడు నీరు ఏడింటికే కదా వచ్చిందనుకుని, "ఆఁ ఆఁ, సరేనమ్మా" అని పెట్టేశాడు.

"ఫోను నాకియ్యలేకపోయేరా?" అంది దేముడమ్మ.

"అక్కర్లేదు. ఏడింటికంట" అన్నాడు.

అయిదింటికి కదలండని ఇంటింటికీ చెప్పొచ్చాడు. బాబీ ఈలోగా దేవరాపల్లి బేరానికి వెళ్ళాడు. సన్యాసమ్మ కొడుకు పశువుల్ని మెరకకి తోలడానికి పోయాడు.

మూడు దాటిన పది నిమిషాలకి గెడ్డ వీధిలో ఉంది.

విజిల్ ఊదుకుంటూ పరిగెత్తాడు మాస్టారు. నడవగలవాళ్ళు ఎలాగో బయటపడ్డారు. సన్యాసమ్మ ఇంట్లోకి వెళ్ళేసరికి నీళ్ళు మంచం పట్టెల మీదికి వచ్చేశాయి. ఎత్తబోయాడు, చేతకాలేదు. ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని, నీళ్ళలో ముప్పావుగంట నిలబడ్డాడు. ఆవిడ వణుకుతూ "ఇంకా ఏడు గంటలవలేదు కదా మేస్టరు బాబూ" అనే అడిగింది. ఆ మాట ఆయన చెవి పక్కనే అంది కాబట్టి వినబడింది. చివరికి నలుగురు వచ్చి ఎత్తుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆవిడ ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది.

మర్నాడు ఒక అధికారి వచ్చి, ఎన్నింటికని కబురొచ్చిందని మాస్టారిని అడిగాడు. చుట్టూ వీధంతా నిలబడి ఉంది. "ఏడింటికనే సెప్పింది" అన్నాడు మాస్టారు. అనేశాక గానీ ఎంత మాటన్నాడో ఆయనకే తెలియలేదు. తెలిశాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.

రేవతికి మెమో ఇచ్చారు. మాస్టారు అబద్ధమాడరని నమ్మి, వీధిలో ఆడవాళ్ళు ఆ పిల్ల కనబడితే మొహం తిప్పుకున్నారు. నాలుగో రోజు తనే మాస్టారింటికి వచ్చింది. వాన లేదు, ఎదురుగా కూర్చుంది, ప్రతి మాటా వినబడింది.

"మీరు అబద్ధం ఆడరు మేస్టారూ. నా నోరే జారిందేమో. తప్పయిపోయింది" అని తల వంచుకుంది.

తనదగ్గర ఆట నేర్చుకున్న పిల్ల తన తప్పుకి తనకే క్షమాపణ చెబుతోంది. ఆయన ప్రాణం చచ్చిపోయింది. అయినా "పర్లేదమ్మా" అన్నాడు! ఆ మాటని తలుచుకుంటే ఈరోజుకీ ఆయనకి అన్నం సయించదు.

ఆ పిల్ల వెళ్ళాక దేముడమ్మ కంచం విసురుగా పెట్టింది. "ఆ గుంట ఉద్యోగం మీ సెవుల పాటి సెయ్యదేటండీ?" అంది.

ఎనిమిదో రోజు వీధి మీటింగు. సన్యాసమ్మని కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. ఈసారి కబురు వేరే మనిషి చేత పంపించాలని ఎవరో అన్నారు. రేవతి వెనక గోడకి ఆనుకుని, కాగితాలు చేత్తో పట్టుకుని, నేల చూస్తోంది.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"రేవతి మూడనే సెప్పింది" అన్నాడు. "రెండుసార్లు సెప్పింది. నాకు వినపళ్ళేదు. నాకు నాలుగేళ్ళుగా సరిగ్గా వినపడదు. అడగడానికి నామోషీ అయి, ఏడని నేనే అనేసుకున్నాను. అడిగినోళ్ళకీ అదే సెప్పేను."

రేవతి తలెత్తింది. పెదాలు కదిలాయి. ఏదో అంది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు.

ఆయన రెండడుగులు ముందుకేసి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు. "వినపళ్ళేదమ్మా. మళ్ళీ సెప్పు."

రేవతి కళ్ళు తుడుచుకుని, వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది.

"మూడనే సెప్పేనని నాకు తెల్సు మేస్టారూ. మీకు వినపడదని వీధందరికీ తెల్సు, మీ ముందు ఎవరూ అనరంతే. మీరే సెప్తారనే ఆ రోజు మీ ఇంటికొచ్చేను, వారం రోజులు సూసేను."