మిరప కళ్లంలో దిగిన నా డ్రోన్

రిటైరయ్యాక నాకు డ్రోన్ పిచ్చి పట్టింది. నరసరావుపేటలో షాపతను, "మొదటిసారైతే చిన్నది తీసుకోండి సార్, రెక్కలకు గార్డు ఉంటది" అన్నాడు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నాకు పిల్లల బొమ్మా! అన్నిటికన్నా పెద్దది కొన్నాను.

ప్రారంభోత్సవం గురజాల దగ్గర మా వియ్యంకుడి పొలంలో పెట్టాను. ఎగరడం బ్రహ్మాండంగా ఎగిరింది. దించడానికి మాత్రం మిరపకాయలు ఆరబోసిన కళ్లమే నాకు చదునుగా కనిపించింది. రెక్కలకు గాలి వస్తుందన్న సంగతి ఫిజిక్స్ మాస్టారికి గుర్తు రాలేదు. గింజలు, ఘాటు దుమ్ము లేచి చూడ్డానికొచ్చిన ఊరందరి కళ్లలో పడ్డాయి. వియ్యంకుడు కళ్లు మూసుకుని బోరుకేసి పరిగెత్తాడు.

వియ్యపురాలు దగ్గుతూనే, "చానా సంతోషం అన్నయ్యగారూ! ఊరందరికీ ఒకేసారి దిష్టి తీశారు" అంది.

ఇప్పుడు చిన్న డ్రోనే ఎగరేస్తున్నాను, మా డాబా మీద. అదీ పక్కింటివాళ్లు వడియాలు ఎండబెట్టలేదని చూసుకున్నాకే.