మ్యూజియంలో బుద్ధుడికి దీపం

ఢిల్లీ మునిర్కాలో మా పై గదిలో హిమాచల్ కొండల్లోని స్పితి నుంచి వచ్చిన నర్సమ్మాయి ఒకతె అద్దెకుంటోంది. నిరుడు దసరాకి ముందు వాళ్లమ్మను కంటి ఆపరేషన్‌కి ఇక్కడికి తీసుకొచ్చింది. కట్టు విప్పాక పెద్దావిడ కోరిన మొదటి కోరిక, తమ ఊరి బుద్ధుణ్ణి చూడాలని.

వాళ్ల ఊరు ఎక్కడో కొండల మధ్య, నది ఒడ్డున. ఊరికి పైన ఎప్పుడో కూలిపోయిన విహారం ఉంది. అక్కడి మట్టి బుద్ధుడి తల ఇప్పుడు నేను క్లర్కుగా చేసే మ్యూజియంలో ఉంది. ఆ సంగతి వాళ్లకి గొప్పగా చెప్పింది నేనే.

ఆదివారం ఇద్దర్నీ తీసుకెళ్లాను. ఆవిడ అద్దాల పెట్టె ముందు సాష్టాంగపడింది. లేచి, చాలాసేపు చూసి, తన భాషలో ఏదో అడిగింది.

"ఇక్కడ దీపం ఎవరు పెడతారని అడుగుతోంది దీదీ," అంది కూతురు హిందీలో.

ఆ గదిలో అగ్గిపుల్ల గీస్తే అలారం మోగుతుంది. ఆవిడ మొహం చూస్తూ ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"రోజూ సాయంత్రం మేమే పెడతాం," అన్నాను.

ఆవిడ నా చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది. ఊరికి వెళ్లే రోజు, ఇంటి నుంచి తెచ్చుకున్న వెన్న డబ్బా నా చేతిలో పెట్టింది, దీపానికని; వాళ్ల వైపు బుద్ధుడికి వెన్నతోనే దీపం పెడతారట. తీసుకున్నాను.

"మన దేవుడి దగ్గర వెలిగించు, ఎక్కడైనా ఒకటేగా," అన్నారు మావారు. వెలిగించాను. వెన్న వాసన ఇల్లంతా నిండింది. ఆవిడ అడిగింది ఈ దీపం కాదు కదా అనిపించి, రెండోరోజు ఇక ముట్టలేదు.

చివరికి మేడ మీద బట్టలారేస్తున్న కూతురికి నిజం చెప్పేశాను.

"నాకు అప్పుడే తెలుసు దీదీ," అంది, చీర దులుపుతూ. "అమ్మకి మాత్రం చెప్పకండి. ఊరంతా చెప్పుకుంది. అందరూ మీకు వెన్న పంపుతామంటున్నారు."

"వద్దని చెప్పవా?"

"ఏమని చెప్పను?"



మంచు కరిగి దార్లు తెరుచుకున్నాక మూడు డబ్బాలు వచ్చాయి. ఆ అమ్మాయి వాటిని మా గుమ్మంలో పెట్టి పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆఫీసులో బుద్ధుడి గది వైపు పని పడితే, ఏదో వంక చెప్పి పక్క సీటావిణ్ణి పంపుతున్నాను.