దాచిన ఆయాసం

నా భార్య పోయిన నెల ధర్మవరం రైల్వే ఆస్పత్రిలో కన్నుమూసింది. గుండె జబ్బు. ఆలస్యంగా తెలిసినవాళ్లు ఏమైందని ఉత్తరాలు రాస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

పెనుకొండ స్టేషన్ మాస్టరుగా నా చివరి ఏడాదిలో ఒక కాగితం వచ్చింది. ఉద్యోగం దిగిపోతే రైల్వే వైద్యం ఆగిపోతుంది. కావాలనుకున్నవాళ్లు దిగేలోపే పేరు రాయించుకుని నెలనెలా చందా కట్టాలి. నా ఒక్కడికా, ఇద్దరికా అన్నది నేనే తేల్చుకోవాలి. గడువు దాటితే చేర్చుకోరు. కడుపునొప్పి ఉన్నది నాకు, తనకెందుకని ఆమె రెండు రోజులు వాదించింది. ఇద్దరికీ అని రాశాను. ఇద్దరూ ధర్మవరం వెళ్లి డాక్టరుకు కనబడాలని కాగితం చివర ఉంది. అది చదివి వినిపించాక ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచేసింది.

అప్పటికే ఏడాదిగా ఆమెకు ఆయాసం. క్వార్టర్స్ నుంచి బావి దాకా వెళ్లి రావడానికి రెండుచోట్ల ఆగేది. నేను చూస్తే నవ్వేది. "ఇంజను గూడా నీళ్లకు ఆగుతాది. నేనాగితే ఏం?" అనేది. తర్వాత నీళ్లు నేనే తెచ్చాను.

రైల్వేలో బతికినవాళ్లకు డాక్టరు పరీక్ష అంటే ఏమిటో తెలుసు. మేము హిందూపురంలో ఉండగా, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు కంటి పరీక్షలో తప్పాడు. అతన్ని ప్లాట్‌ఫారం మీద నీళ్లు పోసే పనికి దింపారు. అతని భార్య మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నా కంటి పరీక్ష వచ్చినప్పుడల్లా నా భార్య వారం ముందు నుంచి మునగాకు వండేది. ఫలితం ఎన్నడూ అడగలేదు. గుమ్మంలో నా ముఖం చూసి తెలుసుకునేది.

"ఆయాసం ఉండాదని చెప్తే నా పేరు కొట్టేస్తారు. దాంతో పాటు మీదీ పోతే? ఆ కడుపునొప్పితో యాడికి పోతారు మీరు?" అంది.

కాగితంలో అలా లేదు. లేదని గట్టిగా చెప్పే ధైర్యం, ఇంత చదువుకున్నా, నాకు లేకపోయింది. ఎవరినీ అడగలేదు. అడిగితే అనుమానిస్తారని భయం.

ఆస్పత్రి వరండాలో ఆమె గంటసేపు కదలకుండా కూర్చుంది, ఊపిరి కుదుటపడాలని. పేరు పిలిచాక నెమ్మదిగా లోపలికి నడిచింది. లోపల జనం. డాక్టరు నాడి పట్టుకుని జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఏమీ లేవు సార్. రెండు బిందెలు ఒక్కసారే మోస్తా."

నేను పక్కనే ఉన్నాను. 

తిరుగు రైల్లో వేరుశనక్కాయలు కొనమని అడిగింది. "గట్టెక్కినాం" అంది.

ఆస్పత్రిలో చూపించే వైద్యం పుస్తకం ఇద్దరి పేర్లతో వచ్చింది. దిగిపోయాక హిందూపురంలో ఇల్లు తీసుకున్నాం. నా కడుపునొప్పికి మూడుసార్లు వెంటబెట్టుకుని ధర్మవరం తీసుకెళ్లింది. నువ్వూ చూపించుకోమంటే, ఇచ్చిన పుస్తకం లాక్కుంటారనేది. కాళ్లు వాచాయి. కుచ్చిళ్లు కిందికి దించి కట్టుకుంది.

పడిపోయిన రోజు అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నాళ్లుగా అని అడిగాడు. రెండేళ్లని చెప్పాను. పుస్తకం తిరగేశాడు. ఆమె పేజీలన్నీ ఖాళీ.

"పేరు కొట్టేసే పరీక్ష కాదు గదా అది. జబ్బున్నోళ్లకే ఈ పుస్తకం. ఆ రోజే చెప్పుంటే ఆ రోజే మందు మొదలుపెట్టేవాణ్ని" అన్నాడు.

ఆమె విన్నది. నా వైపు తిరిగింది.

"పోనీలెండి. మీ పేరు ఉండాది గదా."

నాలుగో రోజు పోయింది.

నిన్న నా మందు కోసం వెళ్లాను. వరండాలో ఒక రైలు గార్డు, అతని భార్య పిలుపు కోసం కూర్చున్నారు. త్వరలో ఉద్యోగం దిగిపోతాడట, ఆ పరీక్షకే వచ్చారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు మింగుతోంది. నేను చూడటం చూసి, దుమ్ము సార్ అన్నాడతను.

"దగ్గమ్మా. లోపల డాక్టరు ముందర గూడా దగ్గు. ఏం కాదు" అన్నాను.

ఆమె భర్త వైపు చూసింది. అతను డాక్టరు గది తలుపు వైపు చూశాడు. ఆమె భుజాలు రెండుసార్లు అదిరాయి. కొంగు మాత్రం నోటి మీది నుంచి తీయలేదు.