చెవి వెనక గోధుమ మొలక

నిన్న, రాఖీ మర్నాడు, మా అమ్మాయి చెరువు దగ్గర్నుంచి చెవి వెనక లేతపసుపు గోధుమ మొలకలు దోపుకుని వచ్చింది. పక్కనే, అవే మొలకలతో, బస్తీలో ఉండే దాని ఈడు పిల్ల. ఇద్దరూ ఇక జన్మలో ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరట, "భోజలీ" అనే పిలుచుకుంటారట. నాకు నవ్వాగలేదు. ఈ పిల్లలిద్దరూ పుట్టిన ఏడాది ఇదే మొలకతో మా అత్తగారు చేసిన నిర్వాకం గుర్తొచ్చింది.

మామగారు రైల్వేలో రిటైరయ్యాక రాయపూర్‌లోనే, ఆ బస్తీని ఆనుకుని ఇల్లు కట్టుకున్నాం. క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ చుట్టూ తెలుగువాళ్లే కనక అత్తగారికి ఇక్కడి ఆచారాలు అంతంతమాత్రంగానే తెలుసు. హిందీ మాత్రం శ్రీకాకుళం యాసలో గడగడా మాట్లాడేసేవారు. ఇంట్లో ఊరికే కూచోలేక మితానిన్‌గా చేరారు. మితానిన్ అంటే నేస్తురాలు. బస్తీలో గర్భిణులకు ఐరన్ మాత్రలు మింగించడం, పరీక్షలకు తీసుకెళ్లడం, ఆసుపత్రిలో కాన్పయ్యేలా చూడడం ఆ నేస్తం పని. అప్పుడు నేనూ కడుపుతో ఉన్నాను కనక ప్రయోగాలన్నీ ముందు నామీదే. మాత్ర మింగి, నోరు తెరిచి, నాలిక ఎత్తి చూపిస్తేగాని వదిలేవారు కాదు. మునగాకు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ ఏడాది మా పెరట్లో చెట్టు బోడిదైపోయింది.

బస్తీ అంతా ఆవిడ మాట వినేది, ఒక్క బడే దాయి తప్ప. బడే దాయి అంటే పెద్దమ్మ. ఆ ముసలావిడని అందరూ అలాగే పిలిచేవారు. ఆవిడ చిన్నకోడలికి నెలలు నిండుతున్నాయి. పాదాలు పొంగి చెప్పులు పట్టడం లేదు. సిస్టర్ చూసి, బీపీ ఎక్కువుంది, ఇంట్లో కాన్పయితే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు అని గట్టిగానే చెప్పింది. బడే దాయి వింటేనా! తన పిల్లలంతా ఆ ఇంటి నేలమీదే పుట్టారట, ఈ కోడలు అంతకంటే గొప్పదా అని మంత్రసానికి కబురంపేసింది. అత్తగారు వెళ్తే మొహమ్మీదే తలుపు వేసేది. "ఆ పిల్లకేటైనా అయితే నాకు ముద్ద దిగదే" అంటూ అత్తగారు కంచం ముందు కూచుని అన్నం కెలికేవారు.

ఇంతలో భోజలీ పండుగ వచ్చింది. భోజలీ అంటే చీకటి మూల బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలే, వాటిని ఆడవాళ్లు పాడుకుంటూ తీసుకెళ్లి చెరువులో కలుపుతారు. నలుగురు ఆడవాళ్లు చేరే చోట మితానిన్ లేకపోతే ఎలా? నన్ను తోడు తీసుకుని వెళ్లారు. ఎవరో గుప్పెడు మొలకలు అత్తగారి చేతిలో పెట్టారు. ఎదురుగా బడే దాయి, మూతి ముడుచుకుని. మన పేరంటాల్లో అలిగినవాళ్లని మంచి చేసుకోవాలంటే ఏం చేస్తాం? తల్లో పువ్వు పెడతాం. అత్తగారూ అంతే, చొరవగా వెళ్లి ఒక మొలక ఆవిడ చెవి వెనక దోపేశారు.

గట్టుమీద పాట ఆగిపోయింది. మరుక్షణం గొల్లున నవ్వులు, చప్పట్లు. బడే దాయి కాసేపు గుడ్లప్పగించి చూసింది. పండుగ పూట కాదనకూడదు గనక తనూ ఒక మొలక తీసి అత్తగారి చెవి వెనక పెట్టి, "సీతారామ్ భోజలీ" అని గొణిగింది.

"ఏటే ఇది? పేరంటంలో పువ్వెట్టినట్టు ఎట్టేను, అంతే గదా!" అని అత్తగారు కంగారుపడ్డారు. అలా మొలకలు పెట్టుకున్నవాళ్లు తోడబుట్టినవాళ్ల కన్నా ఎక్కువని, చచ్చేదాకా ఒకరి పేరొకరు పలకకూడదని, ఇలా "సీతారామ్ భోజలీ" అనే పలకరించుకోవాలని, ఒకరి మాటొకరు తీసెయ్యకూడదని పక్కావిడ చెప్పింది. ఆ చివరి ముక్క వినగానే అత్తగారి మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆటోతో సహా ఆ గుమ్మంలో ప్రత్యక్షం. "సీతారామ్ భోజలీ! బహూ కో తయ్యార్ కరో, అస్పతాల్ జానా హై." కోడల్ని తయారుచెయ్యి, ఆసుపత్రికి వెళ్లాలి అని.

బడే దాయి తలుపు వెయ్యబోయి ఆగింది. "తోర్ బాత్ లా కైసే టారహూఁ?" అంది, నీ మాటెలా తోసెయ్యను అని. అని ఊరుకుంటే బాగానే ఉండేది. కట్టుబాటు ఇద్దరికీ ఒకటే కనక, నా కాన్పయ్యాక తను కాచిన కాంకే నీళ్లు, అంటే ఇక్కడి బాలింత కషాయం, నేను తాగి తీరాలని మెలిక పెట్టింది.

ఆసుపత్రిలో ఆ పిల్లని వెంటనే చేర్చుకున్నారు. ఇంకాస్త ఆగితే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ అంటే బడే దాయి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తగారు ఆవిడ చెయ్యి వదల్లేదు. చివరికి సిస్టర్ వచ్చి ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని చెప్పగానే ఈ ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, ఎవరో కసిరేదాకా వరండాలో గిరగిరా తిరిగారట. నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సంతోషంతో కళ్లు చెమరుస్తాయి.

తర్వాత నా వంతు. ఒకపక్క అత్తగారి కాయం ముద్ద, ఇంకోపక్క ఏవో వేళ్లూ శొంఠీ బెల్లం వేసి కాచిన బడే దాయి కాంకే నీళ్లు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని. రెండూ మింగాను. నోరు తెరిచి ఇద్దరికీ చూపించాను కూడా.

ఈమధ్య అత్తగారికి పేర్లు గుర్తుండడం లేదు. నన్ను ఆడపడుచు పేరుతో పిలుస్తారు, మనవరాలి పేరుకి తడుముకుంటారు. నిన్న తన మనవరాలూ మా అమ్మాయీ ముందు నడుస్తుంటే వెనకే బడే దాయి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అత్తగారు తలెత్తి చూశారు. ఈవిడనీ గుర్తుపట్టరేమోనని, ఎవరో చెప్పబోయాను. అంతలోనే అత్తగారి మొహం విచ్చుకుంది.

"సీతారామ్ భోజలీ!"

కాలం మా అత్తగారి దగ్గర్నుంచి ఒక్కో పేరే పట్టుకుపోతోంది. ఈ ఒక్క నేస్తం దగ్గర మాత్రం దానికి పట్టుకుపోవడానికి పేరే దొరకలేదు.