వెర్నమ్మ రైఫిల్‌కి కొత్త బోల్టు

చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషికి ఎవరి సలహా అయినా ఒక పట్టాన ఎక్కదు. వెర్నా టాలెఫ్‌సన్ అచ్చం అలాంటి మనిషి. మోంటానాలో, మసెల్‌షెల్ నది పక్కన ఉన్న ఆ చిన్న ఊరి రైఫిల్ క్లబ్బులో సగం మంది చిన్నప్పుడు ఆమె బస్సులోనే బడికి వెళ్ళారు. ఇప్పుడు గడ్డాలు పెంచి, పికప్పు ట్రక్కుల్లో తిరుగుతున్నా, ఆమె ‘కూర్చోరా’ అంటే ఠక్కున కూర్చుంటారు.

ఆమెకున్న పిచ్చి ఒక్కటే, దూరపు గురి. లోయకు అవతలి కొండ మీద వేలాడదీసిన ఇనప బిళ్ళను కొట్టి, ఆ ఠంగుమనే చప్పుడు వచ్చేదాకా చెవి రిక్కించి వినడం ఆమెకు మహా ఆనందం. కానీ ఇన్నేళ్ళు బస్సు తలుపు మీట లాగిన కుడిచేతి బొటనవేలి మొదట్లో కీళ్ళనొప్పి చేరింది. రైఫిల్ పేలిన ప్రతిసారీ, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. అప్పుడుగాని ఇంకో తూటా పేల్చలేరు. జూన్ పోటీలో ఆ పిడి ఎత్తలేక, సగం బిళ్ళలు కొట్టేసరికే ఆమె గడువు ముగిసింది.

ఇంటికి వచ్చి భర్త మెర్ల్‌కి తేల్చి చెప్పేసింది.

“ఈసారి మంచి యాక్షన్ ఒకటి చేయించుకుంటా. దాంతో కూడా కాలేదనుకో, రైఫిల్ గోడకి తగిలించేస్తా.”

“తగిలించి?”

“నీ మొహం చూస్తూ కూర్చుంటా.”

“నేనేం పాపం చేశానే!” అన్నాడు మెర్ల్. ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వులో పస లేదు.

యాక్షన్ అంటే బోల్టు తిరిగే ఉక్కు గూడు. బారెల్, ట్రిగ్గర్, దూర్బీను అన్నీ దానికే బిగిస్తారు. మనకు కావలసినట్టు చేయించుకుంటే జీవితాంతం ఉంటుంది. తప్పుగా ఎంచుకుంటే ఆ తప్పూ జీవితాంతం ఉంటుంది. అందుకే ఆ క్లబ్బులో ఎవరైనా యాక్షన్ కొనబోతున్నారంటే, శనివారం పోటీ అయ్యాక అందరూ చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర తిని, దాల్చినచెక్క రొట్టెలు తిని, చేతులు కడుక్కుని, పికప్పుల వెనక పలకలు దించి తమ రైఫిళ్ళు పరుస్తారు. కొనేవాళ్ళు ఒక్కొక్కటే తెరిచి మూసి చూసుకోవాలి. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆ పూట ఎవరి గొంతూ తగ్గదు.

“వెర్నమ్మా, నా మాట విను, మూడు పళ్ళది తీసుకో,” అన్నాడు ట్రాక్టర్ మెకానిక్ క్లింట్ రాడెమాకర్. “బోల్టు మూతికి మూడు పళ్ళుంటే పిడి ఇంత ఎత్తితే చాలు, తెరుచుకుంటుంది. ఓర్విల్‌ది రెండు పళ్ళది. ఆకాశందాకా ఎత్తాలి.”

“ఎత్తితే ఏం పోయిందిరా? వెన్నలా లేస్తుంది!” ఓర్విల్ ఎగిరిపడ్డాడు. ఆయన మెర్ల్‌కి అన్న. “అమ్మాయ్, నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా...”

“మీరు మొత్తుకోనిది ఏముంది బావగారూ? మొన్న బంగాళాదుంపల గురించి కూడా మొత్తుకున్నారు,” అంది వెర్నా. అందరూ గొల్లుమన్నారు.

వెర్నా క్లింట్ రైఫిల్ బోల్టు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. వేలికి నొప్పే తెలియలేదు. వెర్నాకి గాల్లో తేలినట్టయింది. “ఇదేరా! సోమవారమే ఆర్డరు పెట్టేస్తా!”

“అయితే నాలుగు తూటాలు పేల్చి చూడు,” అని క్లింట్ సంబరంగా తూటాలు అందించాడు.

మొదటి దెబ్బకే బిళ్ళ ఠంగుమంది. పిడి ఎత్తబోయింది. కదల్లేదు. బలమంతా పెట్టి ఎత్తేసరికి బొటనవేలి నుంచి మోచేతిదాకా నొప్పి జివ్వున లాగింది. రైఫిల్ దించి లేచి నిలబడింది. “నా పని అయిపోయిందిరా,” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

కానీ ఇందాక దూదిలా లేచిన పిడి ఇప్పుడు బండరాయి ఎందుకయింది? అదే చేయి, అదే బోల్టు. మధ్యలో నొక్కింది ట్రిగ్గర్ ఒక్కటే. వెర్నా చటుక్కున పికప్పుల వైపు తిరిగింది. పరాయివాళ్ళ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. అందుకని అక్కడ ఎవరూ ఎప్పుడూ నొక్కి చూడలేదు. నొక్కకపోతే లోపలి స్ప్రింగు బిగుసుకునే ఉంటుంది, అప్పుడు ఏ బోల్టయినా ఉత్తినే లేస్తుంది. నొక్కాక ఆ స్ప్రింగును మళ్ళీ బిగించాల్సింది పిడి ఎత్తే చెయ్యే. తక్కువ ఎత్తులో బిగించాలంటే ఎక్కువ బలం కావాలి.

“ఒరేయ్!” అని బస్సు గొంతుతో అరిచింది. గడ్డాలవాళ్ళంతా నిటారుగా నిలబడ్డారు. “మీ మర్యాద మండిపోను! ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, మూతులు కొండవైపు పెట్టండి. అన్నిటికీ ట్రిగ్గర్ నొక్కి చూస్తాను!”

ఒక్కొక్కటే నొక్కింది, ఎత్తింది. ఒకటి వేలిని గుచ్చింది, ఒకటి మొండికేసింది. ఓర్విల్ రైఫిల్‌కి గీతలు, సొట్టలు, చూడబోతే అనాకారిది. దాని పిడి మాత్రం పొడవుగా తిరుగుతూ, తాపీగా, హాయిగా లేచింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఎత్తింది. మళ్ళీ మళ్ళీ ఎత్తింది. నవ్వాపుకోలేకపోయింది.

“నేను చెప్పలేదూ?” అన్నాడు ఓర్విల్.

“మీరు అన్నీ చెప్తారు బావగారూ. అందులో ఏది వినాలో తెలియక చచ్చాం,” అని ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆయన ముఖం కందగడ్డయింది.

రెండు పళ్ళ యాక్షన్ సెప్టెంబరు పోటీకి వచ్చింది. వెర్నా గడువులోపలే తూటాలన్నీ పేల్చేసింది. చివరి రెండు మాత్రం బిళ్ళకు తగల్లేదు. బహుమతి క్లింట్ కొట్టుకుపోయాడు. ఇంటికి వెళ్ళే దారంతా పికప్పులో ఆమె నోరు ఆగలేదు.

“దిక్కుమాలిన గాలి! కుడి నుంచి వీస్తుందనుకుంటే లోయలో ఎదురు తిరిగింది. దాని నోట్లో మన్నుపడ! నువ్వెందుకు అలా నవ్వుతున్నావ్?”

“ఏం లేదే,” అన్నాడు మెర్ల్, స్టీరింగు పట్టుకుని. “వేసవంతా నువ్వు నీ చేతినే తిట్టావు. గాలిని తిట్టగా విని ఎన్నాళ్ళయిందో. తిట్టు, ఇంకా తిట్టు.”